గడువు చీటీ వెనక

ఆ పుస్తకం పేరు నీడల లాకు.
అట్ట మీద నల్లటి నీళ్లు, సగం ఎత్తిన తలుపు,
దాని కింద నాచో వేళ్లో తెలీని పోగులు.
పన్నెండేళ్లు దాటినవారికి అని అచ్చేశారు గానీ
మా కొత్తపేట లైబ్రరీలో వయసు అడిగేదెవరు?
రిజిస్టర్లో సంతకం గీకితే చాలు,
అదీ నేను కళ్లజోడు వెతుక్కునేలోగా.

కథంటారా,
కాలవలో పోయిన పిల్లల నీడలు
లాకు అడుగున ఉంటాయట.
కాపలావాడు రాత్రిళ్లు వాటిని లెక్కపెడతాడట.
తమ్ముడి నీడ కోసం ఒక పిల్ల దిగుతుంది.
బదులుగా తన పేరు ఇచ్చేస్తుంది.
పేరు పోతుంది. తమ్ముడు రాడు.
చివరి పేజీ అయిపోయి, అట్ట మూసేశాక కూడా రాడు.

గడువు చీటీ వెనక తెల్లగా ఉంటే ఊరుకుంటారా!
మొదటి ఆ బొద్దు అక్షరాలు
తొమ్మిదో తరగతి గనిశెట్టి దొరబాబువి:
"ఏడో అధ్యాయం కరెంటు పోయినప్పుడు చదవకండి.
నేను చదివి అమ్మ పక్కన పడుకున్నాను.
ఎవరికీ చెప్పకండి."
కింద ఎర్ర సిరాతో ఇంకెవరో:
"చెప్పేశాం."

తర్వాత వీరవేణి. వాళ్ల నాన్నది పంటు మీద పని.
"పడవని అలా కట్టరు. ఆ ముడి వేస్తే
తెల్లారేసరికి పడవ యానాంలో తేలుతుంది.
రాసినాయన రేవు చూళ్లేదు.
దెయ్యాలు మాత్రం బాగున్నాయి."

రొయ్యల చెరువు కాపలా మరిడయ్య
పది తప్పి ఏడేళ్లయింది,
పిల్లల లెక్కలోకి వస్తాడో రాడో.
ఏరేటర్లు తిరుగుతుంటే టార్చి వెలుగులో చదివాడు.
తిరిగిచ్చిన పుస్తకం నిండా మేత వాసన.
రాయడానికి మొహమాటపడి నోటిమాటగా అన్నాడు:
"చీకటి అంత నిశ్శబ్దంగా ఉండదండీ.
కప్పలుంటాయి, మోటార్లుంటాయి,
అవతలి గట్టు మీద ఎవడో దగ్గుతాడు.
భయమేసేది అవి ఆగినప్పుడండీ.
ఆ ముక్క రాయలేదాయన."
ఆ ముక్క నేనే రాసిపెట్టాను, మరిడయ్య పేరు మీద.

కామేశం మాస్టారికి చీటీ చాల్లేదు.
ఫుల్‌స్కేప్ కాగితం, రెండు వైపులా:
నీతి లేదు, ఓదార్పు లేదు,
దేవుడు ఒక్క పేరాలోనైనా కనిపించడు,
పసిమనసుల్లో పీడకలలు నాటే ఈ గ్రంథమును
తాళం బీరువాలో పెట్టవలెను.
కమిటీ ఆయ్ అంది. టీ తాగింది.
ఆ కాగితానికి కొట్టిన గుండుపిన్నుకి
వారంలో తుప్పు పట్టింది. ఇక్కడి గాలి అంతే.

బీరువా తాళం నా మొలతాడుకే ఉంది.
పెట్టబోతూ చీటీ తిరగేస్తే
అడుగున, గమ్ము అంటిన అంచు మీద,
పెన్సిల్‌తో రాసి, చెరిపి, మళ్లీ ఒత్తి రాసింది:
"అందరూ మా తమ్ముడు దేవుడి దగ్గర ఆడుకుంటన్నాడంటారు.
ఈ పుస్తకం ఒక్కటే రాడు అంది.
అందుకే మూడుసార్లు తీసుకున్నాను."
పేరు రాసే చోట గీత.

రిజిస్టరు తిప్పితే తెలిసిపోతుంది,
మూడు సంతకాలు, మూడు తేదీలు.
తిప్పలేదు.
మొన్న ఆషాఢంలో ఎర్రనీరు తిరిగినప్పుడు
లాకుల దగ్గర జనం మూగిన సాయంత్రం నాకు గుర్తే.
ఆ రోజూ వేళకే తలుపులేసి,
కొబ్బరిపీచు లారీ చాటున సైకిలు తోసుకుంటూ
అటు చూడకుండా ఇంటికి పోయాను.

పుస్తకం బీరువాలో ఉన్నట్టు కమిటీకి రాశాను.
పాత చీటీ నిండిపోయింది గనక
దాని పక్కన కొత్తది అంటించాను.
అన్నం తిన్నాక అరుగు మీద కూర్చుని మొదలెట్టాను.
ముడి సంగతి వీరవేణి అన్నది నిజమే.
ఏడో అధ్యాయంలో కరెంటు పోయింది.
కొవ్వొత్తి వెలిగించుకుని
కప్పలు అరుస్తున్నంతసేపూ చదివాను.