నాలుగో నంబరు

ముప్ఫై రెండేళ్లు ఈ క్లబ్బు బట్టలు ఉతికాను,
చక్కెర ఫ్యాక్టరీ వెనక, తీసా నది చెమ్మ దిగిన గదిలో.
మ్యాచ్ ఒక్కటీ చూడలేదు.
శనివారం సాయంత్రం బుట్టలో పడిందే
చదువుకున్నాను.

గోలు కొట్టేవాళ్ల చొక్కాలు పెద్దగా ఏమీ చెప్పవు, చెమట తప్ప.
కీపరువి మోచేతుల దగ్గర చిరుగుతాయి.
నాలుగో నంబరు మాత్రం ఉత్తరంలా వచ్చేది:
ఎడమ తుంటి మీద పచ్చగీత,
గీత కింద బురద, బురద కింద కాస్త నెత్తురు,
ఎవరిదో మరి.
నెత్తురు చన్నీళ్లలో నానాలి.
వేడినీళ్లు పోశామా, ఇక జన్మకి పోదు.

రాదివోయ్ వ్లాష్కలిన్. పదిహేడేళ్లప్పుడు వచ్చాడు,
మోకాళ్లు గొళ్లేల్లా పొడుచుకొచ్చి.
ఆ ఏడు డబ్బుకి విలువ లేక
జీతానికి బదులు పంచదార బస్తాలిచ్చేవాళ్లు.
సైకిలు మీద బస్తా నిలబెట్టి నడిపించుకుపోతూ
"జివానా అత్తా, నా ఖరీదు యాభై కిలోలు" అనేవాడు,
నవ్వు ముందు, మాట వెనక.

వంతెనలు కూలిన వసంతంలో ఆటలు ఆగాయి.
ఆకులు రాలేటప్పుడు బల్లకట్టు మీద డాన్యూబ్ దాటి
ఎక్కడికో వెళ్లి ఆడొచ్చారు.
ఆ వారం చొక్కాలన్నీ డీజిలు కంపు.
సున్నా, సున్నా.
నాలుగో నంబరుకి కుడిభుజం కుట్టు మొత్తం ఊడిపోయింది,
ఎవడో పట్టుకు వేలాడినట్టు.
దీపం దగ్గర పెట్టుకుని కుట్టాను.
ఆ రెండు సున్నాల్లో ఒకటి వాడిదని నాకు తెలుసు.
పేపర్లో వాడి పేరు లేదు.
పడని గోలుకి పేరెవరు రాస్తారు?

కొట్టాడు, ఒకటి. పద్నాలుగేళ్లలో.
కార్నర్ నుంచి వచ్చిన బంతి వీపుకి తగిలి లోపలికి పోయిందట,
మైకులో ఇంకెవరి పేరో చదివారట.
ఆ చొక్కా వీపున, నంబరు పక్కన
గుండ్రంగా బంతి అచ్చు, బురదతో,
బంతి మీది కుట్లతో సహా.
రెండు రోజులు ఉతకలేదు నేను.
మేనేజరు అరిచాడు. సబ్బు అయిపోయిందన్నాను.

తర్వాత అమ్మేశారు.
లార్నకా అన్నాడు, ఆ తర్వాత కరగండా.
సెలవులకొస్తే ఒక చొక్కా తెచ్చేవాడు, చూపించడానికి.
సైప్రస్‌ది ఎర్రదుమ్ము, దులిపితే రాలిపోయింది.
కజకిస్థాన్‌దాని మడతల్లోంచి
నల్లటి రబ్బరు రవ్వలు జలజలా రాలాయి.
"ఇదేం నేలరా?"
"నేల కాదత్తా, ప్లాస్టిక్. జారితే కాలుతుంది."
చొక్కా ఎత్తి తుంటి చూపించబోయాడు.
తల తిప్పుకున్నాను.

ముప్ఫై నాలుగేళ్లకి మళ్లీ ఇక్కడికే,
రెండు మోకాళ్లకీ కోతలతో.
ఆ ఏడు నాలుగో నంబరు చొక్కా
మడత నలగకుండా బుట్టలోకి వచ్చేది.
బెంచీ మీద కూర్చున్నవాడి చొక్కా.
ఒక వారం, రెండు, ఐదు.
అయినా మిగతావాటితో కలిపి ఉతికాను,
ఆరేసి, ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాను.
ఉతక్కపోతే వాడికి తెలిసిపోతుంది.
ఆ మే నెలలో ఒకరోజు కొక్కేనికి చొక్కా అలాగే ఉంది,
వాడు రాలేదు.

ఇప్పుడు హోర్గోష్ నుంచి మిరపకాయల లారీ నడుపుతాడు.
నాకూ పింఛను వచ్చి ఆరేళ్లు.
గురువారాలు పిల్లలకి ఆట నేర్పి
వాళ్ల చొక్కాలు మూటగట్టి మా ఇంటికే తెస్తాడు.
మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి దిగుతాడు, పీతలా.
ఆల్‌బుఖారా సారా వేలెడు పోస్తాను.
మూట విప్పుతాను.

నిన్న రెండో నంబరుకి వీపంతా బురద,
తుంటి మాత్రం మల్లెపువ్వు.
"ఎవడు వీడు?"
"బేకరీ వాళ్ల మనవడు. ఏం?"
"వెల్లకిలా పడుతున్నాడు. భయం.
పక్కకి జారడం నేర్పు."
రాదివోయ్ ఆ చొక్కా అందుకుని
కిటికీ దగ్గరికి తీసుకుపోయి
చాలాసేపు చూశాడు.