మేకులు

మంగళవారం రాత్రి, పోర్తోలో వాన.
నా కాలి బూటే విప్పించి
బల్లమీద పెట్టింది డెల్ఫినా టీచరు.
తడి మేజోడుతో కూర్చున్నాను.
ముప్పయ్యేళ్లు బూట్లు కుట్టినవాణ్ణి, ఇదెంతసేపు?

పెన్సిల్ని ఆరెలా పట్టుకున్నానని
పక్క బెంచీ కుర్రాడు నవ్వాడు.
గీశాను.
మడమలో దిగిన తొమ్మిది మేకులూ,
అట్టకింద అట్టా, లోపలి కుట్టూ.

"మేకులు కనిపిస్తున్నాయా, అబీలియో?"
కనిపించవు. ఉన్నాయి. నేనే కొట్టాను.
"కళ్లకి కనిపించిందే గియ్యి."

రబ్బరుతో ఒక్కో మేకూ పీకాను.
కాగితం గరుకెక్కింది.
అప్పుడు చూశాను, మొదటిసారి:
లేసు ఓ పక్కకి వాలి,
నాలుక బయటపడి,
పరుగెత్తి ఆగిన కుక్కలా నా బూటు.

అది వంకరగానే వచ్చింది.
మడమ అంచున ఒక్క మేకు
చెరపడం మరిచిపోయాను.

మరిచిపోయాననే చెప్పాను.