రెండు వేళ్ల ఎడం

కృపాసింధు పాత్రో పోయాక
కొడుకు బెలూన్ల బల్ల అమ్మేశాడు, పెద్ద గొడుగు అమ్మేశాడు.
మేకుల చెక్క పొయ్యిలోకి పోయింది.
తుపాకీ మాత్రం గోనెసంచిలో చుట్టి
నా కుట్టుమిషన్ల కొట్టుకి తెచ్చాడు.
"కేతే?" అన్నాను.
ఎనిమిది వేళ్లు చూపించాడు.
నేను ఆరు చూపించాను.
పర్లాకిమిడిలో సగం బేరాలు
రెండో మాట అక్కర్లేకుండానే తెగుతాయి.

నడుం దగ్గర వంచితే తలవాల్చే గొట్టం.
తుప్పు కింద ఏదో సీమ ఊరి పేరు,
చదవనిచ్చినవి మూడే అక్షరాలు.
మడమ దగ్గర కర్ర చీలి,
చీలిక మీద సైకిలు ట్యూబు,
ట్యూబు మీద కృపాసింధు అరచేతి జిడ్డు,
యాభై రథజాతరలది.

విప్పాను. స్ప్రింగు రెండు ముక్కలు.
బరంపురం బస్సు డ్రైవరుకి చెప్పి కొత్తది తెప్పించాను.
లోపలి తోలు వాషరు అప్పడంలా చిట్లింది.
చెప్పులు కుట్టే గురువులు చేత ఎద్దుతోలు కోయించి
మూడు రాత్రులు ఆముదంలో నానబెట్టాను.
నాలుగో రోజు మా ఆవిడ
ఆ గిన్నె నెత్తికి ఒంపుకోబోయి తోలుముక్క చూసి
నా వంశాన్నంతా తలుచుకుంది.

కర్ర పని లింగరాజ్ మహారాణాది,
కొమ్ముతో కొంగలు చేసే మనిషి.
గేదె కొమ్ము కాచి, వంచి, చీలికలో దించి
"కొంగకి ముక్కు పెట్టినట్టే" అన్నాడు.
డబ్బు వద్దన్నాడు, ఒక్కసారి పేల్చనిమ్మన్నాడు.
కాలిన కొమ్ము కంపు కొట్లో రెండ్రోజులుంది.

పెరటి గోడకి అగ్గిపెట్టె ఆనించాను.
ఇరవై అడుగులు.
ఊపిరి బిగబట్టి నొక్కితే
పెట్టెకి కుడి పక్క, రెండు వేళ్ల ఎడంలో, సున్నం రాలింది.
మళ్లీ అక్కడే. మళ్లీ.
ఆరు గుండ్లూ ఒకే గుంటలో.
ఇంత నిలకడగా తప్పే చెయ్యి ఎవరికుంటుంది?

భూతద్దం తెచ్చాను.
గొట్టం చివర గురిమొన ఎడమకి వాలి ఉంది.
అరిగి కాదు. పక్కన సుత్తి గుర్తు,
ఎవరో తీరిగ్గా వేసిన ఒక్క దెబ్బ.

నాకు తొమ్మిదేళ్లు, గుండు అయిదు పైసలు.
"చెయ్యి వణుకుతోంది బాబూ" అనేవాడు కృపాసింధు,
ఎంత ప్రేమగా అనేవాడో.
నమ్మాను.
మూడుముళ్లప్పుడు మా బావని
నా మణికట్టు పట్టుకోమన్నాను.
ఇప్పటికీ సూదిలో దారం ఎక్కించాలంటే
పక్క కొట్టు కుర్రాణ్ని కేకేస్తాను.

మా తవిటమ్మక్క మాత్రం
రథం కదిలేలోగా అయిదుకి అయిదూ పగలగొట్టి
దువ్వెనో సబ్బుపెట్టో పట్టుకొచ్చేది.
జాలిపడి నాకో ఈల ఇచ్చేది.

మొనని వెనక్కి కొట్టాను. రెండు దెబ్బలు పట్టింది.
అగ్గిపెట్టె ఎగిరి బట్టల తీగ అవతల పడింది.
చుట్టూ చూశాను. ఎవరూ లేరు.

ఆదివారం పాతపట్నం నుంచి అక్క వచ్చింది,
సంచిలో ఎండుచేపలు, రెండు మోకాళ్లకీ పట్టీలు.
గుమ్మంలోనే గుర్తుపట్టి
"పాత్రోగాడిదే కాదేటి" అని కొంగు దోపుకుంది.
కళ్లజోడు తీసి నా చేతికిచ్చింది.

గుండు గోడకి తగిలింది,
పెట్టెకి ఎడమ పక్క,
రెండు వేళ్ల ఎడంలో.

మళ్లీ కొట్టింది. అక్కడే.
నేను గోడని చూడ్డం మానేసి అక్కని చూశాను.
"నీకు అప్పుడే తెలుసన్నమాట."

పలకలేదు. మొన మీద బొటనవేలితో తడిమింది,
ఇటు, అటు,
పోయిన పన్ను చోటు నాలుక వెతికినట్టు.
"ఏటి సేసినావురా దీన్ని" అంది,
"బంగారంలాటి తుపాకీ.
పాడు సేసీసినావు."