లాభం, రెండు, మూడు

ట్రోమ్సోలో జూన్ నెలకు రాత్రి లేదు.
కిటికీకి వంటింటి అల్యూమినియం రేకు అంటించి
నా చీకటి నేనే తయారు చేసుకున్నాను.
రేకు చిరుగులోంచి అర్ధరాత్రి ఎండ
దుప్పటి మీద పావలా బిళ్ళంత.

వేసవికి నాకిచ్చిన పని లెక్కపెట్టడం.
ఫ్యోర్డ్ అడుగు నుంచి వలతో తోడిన నీళ్ళలో
నూక గింజంత ప్రాణుల్ని
మైక్రోస్కోపు కింద, జాతి వారీగా.
మూడో ఏడు బీఎస్సీకి ఇంతకన్నా ఏమిస్తారు?
రబ్బరు బూట్లు కూడా ఇచ్చారు, రెండు సైజులు పెద్దవి.
లోపల మార్కర్‌తో పోయినేటి పిల్ల పేరు, జ్దెంకా.
అంతకుముందు వాళ్ళది చెరిగిపోయి
ఒక్క అక్షరమే మిగిలింది.

పడవ మీద వల దించే అస్లక్
ఒకరోజు నా వెనకే నిలబడి విని అడిగాడు:
"ఒకటిని మీ భాషలో అంత పొడుగ్గా అంటారా?"
అప్పుడు తెలిసింది, నేను పైకే లెక్కపెడుతున్నానని,
మా బజారులో మరమరాలు కొలిచే పేరమ్మలాగా
లాభం, రెండు, మూడు అని.
ఒకటి అనం, మొదటి సోలను లాభం అంటాం, అన్నాను.
కాసేపు ఆలోచించాడు.
"మరి వల ఖాళీగా వస్తే?"

ఖాళీ సోలకు పేరమ్మ ఏమనేదో
నాకు తెలీదు.

అతని అన్నకు పైన కొండల్లో రెయిన్‌డీర్ల మంద ఉందట.
ఎన్ని? అనేశాను.
లెక్కలు పెట్టీ పెట్టీ నోరు అలా తయారైంది.
అస్లక్ తాడు చుట్టడం ఆపలేదు.
ఫ్లాస్కులోంచి కాఫీ వంచి నా చేతికిచ్చి
"అది అడక్కూడదు" అన్నాడు,
"బ్యాంకులో ఎంతుందని అడిగినట్టు."
కప్పు సగమయ్యాక తనే,
"చెట్టుకు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయిలే."

నాలుగో వారం తూర్దిస్ మేడమ్ వచ్చి
నా కుర్చీలో కూర్చుని కంటికటకంలోకి వంగింది.
చాలాసేపు తల ఎత్తలేదు.
ఫ్రిజ్ శబ్దం ఎంత పెద్దదో ఆ రోజే విన్నాను.
"ఇవి రెండు జాతులు. నువ్వు ఒకటే అనుకున్నావు."

బతికున్నప్పుడైతే ఒకదాని మీసాలు ఎర్రన.
ఫార్మలిన్‌లో పడ్డాక అన్నీ గంజి రంగే.
ఇక పొడుగు కొలవాలి, ఒక్కోదానికీ,
ఇరవై మూడు సీసాలు, మళ్ళీ మొదటి నుంచీ.

నోట్‌బుక్ ముందేసుకుని వైట్‌నర్ వెతికాను.
మేడమ్ నా చేతిలో పెన్ను పెట్టింది.
"ఒక్క గీత చాలు. కింద అంకె చదవడానికి రావాలి.
పక్కన తేదీ, నీ పొడి అక్షరాలు."
రబ్బరుతో రుద్ది రుద్ది
ఎక్కాల పుస్తకానికి చిల్లు పెట్టిన చెయ్యి ఇది.
నాలుగు వందల పన్నెండు మీద గీత గీస్తుంటే
చదవడానికొచ్చే తప్పు
ఎంత సిగ్గుగా ఉందో చెప్పలేను.
పదో పేజీకి సిగ్గు కాస్త అరిగింది.
పదిహేనో పేజీలో ఆకలేసి
బ్రౌన్ చీజు, రొట్టె తిన్నాను.

జూలై చివర సూర్యుడు మొదటిసారి మునిగాడు,
పట్టుమని అరగంట కూడా లేదు.
వీధిలో ఎవరూ తలెత్తి చూడలేదు.
ఒక ముసలాయన మాత్రం కుక్కను ఆపి నిలబడ్డాడు,
నేనూ నిలబడ్డాను.

సెమినార్‌లో ఏడు నిమిషాలు మాట్లాడాను.
రెండు జాతులకూ మధ్య తేడా
చెప్పుకోదగ్గంత లేదు అని నా ఫలితం.
తూర్దిస్ మేడమ్ తల ఊపింది.
చప్పట్లు కొట్టారు, మంచి మనుషులు.

ఆఖరి రోజు బూట్లు కడిగి
జ్దెంకా కింద నా పేరు తెలుగులో రాసి
గూట్లో పెట్టడానికి వెళ్ళాను.
అక్కడ ఆగస్టు వలలకు సిద్ధంగా కడిగిన సీసాలు,
లేబుళ్ళన్నీ అస్లక్ దస్తూరి.
మూడు, రెండు,
వాటి ముందు సీసా మీద అంకె లేదు.
వాళ్ళ లిపిలో, పెద్దక్షరాల్లో
లాబం.

వత్తు పోయింది.
పెన్ను జేబులోనే ఉంది,
తియ్యలేదు.