ఆరీ ఆరకముందే

భావనపాడు తుఫాను షెల్టరు గోడ
మూడోసారి పెచ్చులూడింది.
మొదటిసారి ఊడితే ఇంజినీరు మారాడు,
రెండోసారికి కంట్రాక్టరు మారాడు,
గోడ మారలేదు.
ఉప్పుగాలి నాకిన చోటల్లా
లోపలి కాంక్రీటు నున్నగా, బోడిగా,
దేన్నీ పట్టుకోనని మొండికేసినట్టు.

ఈసారి పంపిన తెల్లడబ్బా మూత తీసి
వాసన చూశాడు దాలయ్య మేస్త్రి.
"గోడకి పాలు పట్టమంటారేటి, ఈల్ల బుద్ది మండా!
మా తాత సున్నంలో కరక్కాయ నీల్లు పోసీవోడు,
బెల్లం కలిపీవోడు.
సీమలొచ్చి నాకీవి గానీ
గోడ కదిల్తే ఒట్టు."
డబ్బా మీది అక్షరాలు మా ఇద్దరికీ రావు.
సైటు కుర్రాడు చెప్పిన లెక్కకి
ఒక పాలు నీళ్లు, ఒక పాలు ఆ పాలు,
మూడు పాళ్లు సిమెంటు
నా చేతే కలిపించాడు.

పొద్దున్నుంచీ ఉలితో గాట్లు పెట్టాను.
దుమ్ము దులిపాను.
గోడ దాహం తీరేదాకా నీళ్లు కొట్టాను.
పదహారేళ్లుగా గమేళా మోసిన తల నాది.
ఏది అతుక్కుంటుందో ఏది రాలుతుందో
కిందపడ్డది ఎత్తిపోసేదానికి తెలుస్తుంది.

కుంచెతో వేసిన పూత
ముందు మెరుస్తుంది, తర్వాత మందగిస్తుంది,
తర్వాత వేలు పెడితే వేలుని వదలనంటుంది
ఉద్దానం పనసకాయ కోసినప్పటిలా.
అప్పుడే వెయ్యాలి మాలు.
ముందైతే జారుతుంది.
ఆరిపోయిందా,
అతికించాల్సిన పూతే అడ్డం తిరుగుతుంది.
మధ్యలో గాజుపొరలా నిలబడి
పాతదాన్నీ కొత్తదాన్నీ కలవనివ్వదు.

సరిగ్గా ఆ వేళకే మేస్త్రికి ఫోనొచ్చింది.
టెక్కలిలో ఇంకో పని, ఇంకో బేరం.
సరుగుడు తోపు వైపు నడుచుకుంటూ పోయాడు.
పిలిచాను. రెండుసార్లు.
సముద్రం గొంతు పెద్దది.

వేలు పెట్టి చూశాను. అంటుతోంది.
మళ్లీ పెట్టి చూశాను. కొంచెం తక్కువగా.
తాపీ గమేళా అంచున ఉంది.
పిడి ఆయన అరచేతి ఆకారానికి అరిగిపోయి
నా చేతికి వదులు.

తీశాను.
మొదటి మాలు సగం నా కాళ్ల మీదే పడింది.
రెండోది నిలిచింది.
తర్వాత లెక్కపెట్టలేదు.

ఆయన తిరిగొచ్చేసరికి
మూల నుంచి కిటికీ దాకా అయింది.
ఏమీ అనలేదు. బద్ద తీసుకుని లాగాడు.
ఒకచోట బొజ్జ కట్టింది, కోసేశాడు.
మర్నాడు తాపీ పిడితో గోడ తట్టి
చెవి ఆనించి విన్నాడు, డొల్ల పలుకుతుందేమోనని.
పలకలేదు.
"నీల్లు కొట్టు గున్నమ్మా, ఎండెక్కీస్తంది, బేగి" అన్నాడు.

శనివారం కూలి.
ఆయనకి తొమ్మిది వందలు లెక్కన.
నాకు నాలుగువందల యాభై.

మొన్న గాలివాన పట్టింది, మూడు రోజులు వదల్లేదు.
షెల్టరులో తలదాచుకున్నవాళ్లు
ఆ మూలకే చేరి కూర్చున్నారట,
తడిసిన వీపులు గోడకి ఆనించి,
పిల్లల్ని ఒళ్లో వేసుకుని.
ఎవరు పూశారని అడగలేదట.
అడగరు.
ఊడిపడ్డ గోడకే
మేస్త్రి పేరు అడుగుతారు.