నెమలి లేని తెర

పొట్టంగి ఘాటు ఎక్కొచ్చే చలిలో
కొలిమి దగ్గరున్న మేమే దొరలం.
సెమిలిగుడ రోడ్డు పక్క రేకుల షెడ్డులో
నాన్న కూర్మాచారి సమ్మెట,
సుక్రు తిత్తి,
నేను పట్టకారు.
పదమూడేళ్ళదాన్ని. వేళ్ళ మీద అప్పటికే మూడు మచ్చలు.

కాఫీతోట బంగళావిడ జీపు దిగి
నాలుగు మడతల కాగితం చేతికిచ్చింది.
చలిమంట గూటికి అడ్డంగా ఇనప తెర కావాలట,
నిప్పురవ్వలు తివాచీ మీదికి దూకకుండా.
నాన్న కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.
ఏడు నిలువు గీతలు,
ఏ రెండిటి మధ్యా ఒకే ఎడం లేదు.
ఒక సున్న,
అదీ నడిమధ్యన కాదు.

"నెమలేదమ్మా?"
"వద్దు."
"పోనీ తీగలల్లమంటారా? రెండు హంసలు?"
"వద్దు."
"సింహం తలకాయి?"
ఆవిడ నవ్వి జీపెక్కింది.
"ఉప్పెయ్యని చోడంబలి" అని ఉమ్మాడు నాన్న.

అడ్వాన్సు తిన్నాం గనక మొదలెట్టాం.
లారీ కమాను పట్టీలు కాల్చి సాగదీశాం.
నెమలి తోకలో ఎన్ని తప్పులైనా దాక్కుంటాయి,
ఒక ఈక వంకరపోతే ఇంకో ఈక అడ్డమేస్తాం.
గీతలో ఎక్కడ దాస్తావు?
మూడో పట్టీ ఒక్క నూలు వంగిందని
అర్ధరాత్రి లేచి మళ్ళీ కొలిమి రాజేశాడు.
"ఇన్నేళ్ళూ నాను చేసింది పనేనా?"
అడిగింది నన్ను కాదు, దాగలిని.

సున్నని చుట్టింది సుక్రు.
అచ్చు లేదు, దారం లేదు.
కొలత ఎక్కడిదిరా అంటే
మెడ చుట్టూ వేలు తిప్పి చూపించాడు.
వాళ్ళమ్మ కంటె.

వేడి మీద వలిసె నూనె పట్టించాం,
కాకిరెక్క నలుపు తేలింది.
బంగళాలో బిగించిన సాయంత్రం
ఆవిడే అగ్గిపుల్ల గీసింది.
గీతల నీడలు లేచి
గోడంతా నడిచాయి,
ఒకదాన్ని ఒకటి దాటి, మళ్ళీ వెనక్కొచ్చి.
నాన్న గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడ్డాడు.
ఏమీ అనలేదు.
బిల్లులో ఇరవై రూపాయలు తగ్గించాడు.
ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

బంగళా చేతులు మారింది. గూటికి ఇటుకలు పేర్చి
కరెంటు హీటరు పెట్టారు.
ఇనుమంతా తూకానికి పోయింది.
నాన్నా పోయాడు.
షెడ్డు ఇప్పుడు నాది.
కిటికీ గ్రిల్సు చేస్తాను,
ఎక్కువగా నెమళ్ళే అడుగుతారు.

మొన్న విశాఖ నుంచి ఒక కుర్రాడొచ్చాడు,
పాత బంగళాల సామాను కొని అమ్ముతాడట.
ఫోనులో ఎవరిదో పెళ్ళి ఫొటో చూపించాడు.
పెళ్ళికూతురి వెనకాల
మా ఏడు గీతలు.
"దొరికితే నలభై వేలు."
ఆశ పడలేదని అబద్ధం చెప్పను.
బైకు వెనక కూర్చుని ఊరూరా దారి చూపించాను.

దేవమాలి వాలు కింద, సుక్రు ఇంట్లో,
అలికిన నేల మీద పొయ్యి,
పొయ్యి ముందు అది.
సంతలో పాత ఇనుము కుప్ప కింద కనబడిందట,
కిలో పన్నెండు లెక్కన కొన్నాడట,
బేరమాడకుండా.
తెరకి ఇవతల
పాకడం నేర్చిన మనవరాలు
సున్నలోంచి చూస్తోంది మంటని.

నేను ఒక కన్ను మూసి
మూడో పట్టీ వెంట చూపు పోనిచ్చాను.
అలాగే ఉంది, తిన్నగా.

కుర్రాడు నోట్లు తీసి లెక్కపెట్టి గట్టు మీద పెట్టాడు.
వంగి ఒక చెయ్యి చాచాడు.
అవతల్నించి పిల్లా చాచింది.
"కాలుద్ది, ముట్టుకోకు" అన్నాడు సుక్రు వాళ్ళ దేశియా మాటలో.
కుర్రాడికి ఆ భాష రాదు,
పిల్లకింకా ఏ భాషా రాదు.
ఇద్దరూ చెయ్యి తీసేశారు.