నాలుగు బోల్టులు

మిల్డ్యూరాలో జనవరి.
పొద్దున ఎనిమిదింటికే షెడ్డు రేకు కాగిన పెనం.
టో ట్రక్కు వీపు మీంచి దిగింది చిన్న తెల్ల గెట్జ్.
వెనకసీట్లో ద్రాక్ష కోసే కత్తెరలు, ఎండిన ఆకులు,
ఎవరిదో ఒంటి చెప్పు.

"చప్పుడేం కాలేదు," అంది సెలా ఫోనుఆ.
"రెడ్ క్లిఫ్స్ దాటాక. రేడియో వస్తూనే ఉంది.
బండి మాత్రం మాట మధ్యలో ఆపేసిన మనిషిలా..."
తనూ అక్కడే ఆపేసింది.

తాళం తిప్పాను. తాళం లేదు.
బాగున్న ఇంజనుకి దమ్ము బిగపట్టి వదిలే దరువొకటి ఉంటుంది,
నాలుగు గొంతులు వంతులేసుకున్నట్టు.
ఇది గిర్రున తిరిగింది, తేలిగ్గా, ఏ బరువూ లేనట్టు,
గింజ లేని రోట్లో రోకలి పడ్డట్టు.
ఉత్త ఊకదంపుడు.
తెలిసిపోయింది.
అయినా తెలిసిందని చెప్పడానికి జీతమివ్వరు,
చూసి చెప్పడానికి ఇస్తారు.

నాలుగు బోల్టులు. పదో నంబరు పానా.
పై మూత ఊడదీస్తే లోపల బెల్టు
పళ్ళు రాలి, పోగులు లేచి,
కుక్క నమిలి వదిలేసిన చెప్పు పట్టీ.

మా వీధిలో అప్పలకొండా పైడమ్మా
ఒకే రోట్లో రెండు రోకళ్ళు వేసేవాళ్ళు.
ఒకటి లేచాకే రెండోది పడాలి.
తిట్లు సాగేవి, నవ్వులు సాగేవి,
ఒకసారి తేలు కనబడి కేకలు కూడా సాగాయి,
పోటు మటుకు తప్పలేదు.
వాల్వూ పిస్టనూ అంతే.
చోటొకటే, క్షణాలు వేరు.
ఆ క్షణాలు పంచిపెట్టేది ఈ రబ్బరు ముక్క.

ప్లగ్గులు విప్పాను.
ఒక్కో సిలిండర్లోకి గాలి పట్టి, చెవి ఆనించాను.
ఒకటోదాని గాలి సైలెన్సర్ గొట్టంలోంచి బుస్సుమంది.
రెండోదీ అదే దారి.
మూడోది గాలి పీల్చే వైపు నుంచి, పిల్లి కసిరినట్టు.
నాలుగోది పట్టి ఉంచింది,
ఊపిరి బిగపట్టి నన్నే చూస్తున్నట్టు.
ఆయిల్ మూత తీసి విన్నాను. అక్కడేం లేదు.
రింగులు బతికే ఉన్నాయి.
సన్న కెమెరా దింపితే
పిస్టన్ నెత్తిన గోటిగాట్లంత చంద్రవంకలు.

లెక్క రాద్దామని సర్వీసు పుస్తకం తెరిచాను.
పోయిన మే నెల. లక్షా డెబ్బై వేల కిలోమీటర్లు.
టైమింగ్ బెల్టు: చూశాం, బాగుంది.
పక్కన టిక్కు.
తోక పైకి లేచి, చివర్న కొక్కెంలా వంగి.
అలా టిక్కు పెట్టేవాడు ఈ షెడ్డులో ఒక్కడే.

ఆ రోజుని గుర్తు తెచ్చుకుందామని చూశాను.
రాలేదు.
సాయంత్రం అయ్యుంటుంది. వరసలో ఇంకో రెండు బళ్ళు ఉండి ఉంటాయి.
మూత పైనుంచే చూసి, లోపల బాగుందనుకుని ఉంటాను.
నాలుగు బోల్టులు. నాలుగు నిమిషాలు.
ఆ నాలుగు నిమిషాలతో నేనేం చేశానో
ఎంత వెతికినా దొరకలేదు.

"ఏమిటి సంగతి?" అన్నాడు క్లైవ్ ఆఫీసు గదిలోంచి.
"హెడ్డు దించాలి."
"బండి విలువకన్నా ఎక్కువవుతుంది కదా. కార్డు రాసెయ్."

కార్డులో 'కారణం' అనే గడి అగ్గిపెట్టెంత ఉంటుంది.
'బెల్టు తెగింది' అని రాశాను.
చదువుకున్నాను.
అది జరిగింది. కారణం కాదు.

బయట యూకలిప్టస్ పలచటి నీడలో
సెలా ఫోన్లో ఎవరినో అడుగుతోంది,
తోటకి నలుగురిని ఎక్కించుకుంటారా అని,
రేపు కూడా, ఎల్లుండి కూడా,
ఎప్పటిదాకానో ఇంకా తెలీదని.

చేతులు తుడుచుకున్నాను. మసి పోలేదు.
పుస్తకం మూసి, ఆ పేజీ దగ్గర వేలు ఉంచుకుని
ఎండలోకి నడిచాను.